ఈ-సిగరెట్‌పై అన్నీ సగం నిజాలే!

నిషేధం అమ్మకాలపైనే.. ప్రచారంలో మాత్రం రెండు అంత్యాలు

ఎలక్ట్రానిక్ సిగరెట్ల విక్రయం మన దేశంలో 2019 సెప్టెంబరు నుంచి నేరం. అయినా వాటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబుతారు. మామూలు సిగరెట్ కంటే అది 95 శాతం సురక్షితమట అని ఒకరంటే, అమెరికాలో అది పీల్చి ఊపిరితిత్తులు పాడై కుర్రాళ్లు చనిపోయారట అని మరొకరంటారు. ఇద్దరూ పత్రికల్లో, టీవీల్లో వచ్చిందే చెబుతున్నారు. ఇద్దరికీ అందింది సగమే. మిగిలిన సగం ఏమిటో, అసలు చట్టం ఏమంటోందో పాఠకులు తెలుసుకోవలసి ఉంది.

ముందుగా ఆ పరికరం సంగతి. చైనాకు చెందిన ఔషధ నిపుణుడు హాన్ లిక్ 2003లో దీనికి పేటెంట్ కోరారు. కలం ఆకారంలోనో, పెన్‌డ్రైవ్ ఆకారంలోనో ఉండే గొట్టంలో ఒక బ్యాటరీ, సన్నని తీగచుట్ట, కొంత ద్రవం ఉంటాయి. నోట పెట్టుకుని పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని తుంపరల మేఘంగా మారుస్తుంది. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, పుదీనా లేదా పండ్ల పరిమళాలతో పాటు సాధారణంగా నికోటిన్ కలుపుతారు. ఆ నికోటిన్ కూడా చాలావరకు పొగాకు ఆకు నుంచి తీసినదే కావడం గమనార్హం.

ఇందులో ఆకు కాలదు. వివాదమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతోంది. బీడీ, చుట్ట, సిగరెట్ కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడు తదితరాలే క్యాన్సర్‌కు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకు ప్రధాన కారణాలు. కాలడం లేదు గనుక ఆ విషాలు చాలా తగ్గుతాయనడంలో సందేహం లేదు. అయితే తగ్గడం వేరు, లేకపోవడం వేరు. తీగ బాగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనాలు పుడతాయి. లోహ రేణువులూ ఆవిరిలో కలుస్తాయి. నికోటిన్ వ్యసనాన్ని అంటగడుతుంది, ఎదిగే వయసు పిల్లల మెదడుపై ప్రభావం చూపుతుంది. పొగాకు క్యాన్సర్ బయటపడేందుకు ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. ఈ-సిగరెట్ బజారుకు వచ్చి గట్టిగా అంతకాలం కాలేదు.

95 శాతం ఎక్కడిది?

ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015 ఆగస్టులో విడుదల చేసిన నివేదికతో ఈ అంకె ప్రపంచమంతటా పాకింది. దాని మూలం మాత్రం అంతకు రెండేళ్ల ముందు జరిగిన ఒక సమావేశంలో ఉంది. 12 మంది నిపుణులు కూర్చుని, వివిధ నికోటిన్ ఉత్పత్తుల హాని ఎంతెంత ఉండవచ్చో తమ అంచనా ప్రకారం మార్కులు వేశారు. రోగులను ఏళ్ల తరబడి పరిశీలించి లెక్కకట్టినది కాదది. అంత పలుచని పునాదిపై అంత పెద్ద మాట చెప్పవచ్చునా అని లాన్సెట్ వైద్య పత్రిక అప్పుడే తప్పుపట్టింది. నిపుణుల అంచనాకు విలువ లేదని కాదు. ‘అంచనా’ అన్న మాట రాలిపోయి అంకె ఒక్కటే మిగలడమే చిక్కు. శీర్షికలకు అంకెలంటే ప్రీతి మరి.

రెండో అంత్యం 2019 వేసవి చివర అమెరికాలో మొదలైంది. ఈ పరికరాలు వాడిన యువకులు తీవ్రమైన ఊపిరితిత్తుల గాయంతో వరుసగా ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదు కాగా 68 మంది మరణించారు. వార్త నిజమే. కానీ బాధితుల్లో అత్యధికులు పీల్చింది దుకాణాల్లో దొరికే నికోటిన్ ద్రవం కాదు. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ కలిపిన, చాటుమాటుగా కొన్న ద్రవాలను వారు వాడారు. వాటిని చిక్కగా చేసేందుకు కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అనే నూనెకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉన్నట్లు అదే ఏడాది చివర్లో తేలింది. పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో అది కనిపించింది. ఈ వివరం వచ్చేసరికి తొలి వార్తలు ఇల్లిల్లూ చేరిపోయాయి. జనం నోట నిలిచింది ‘ఈ-సిగరెట్ చావులు’ అన్న రెండు మాటలే.

చట్టం ఏమంటోంది?

సరిగ్గా ఆ వార్తలు ముమ్మరంగా వస్తున్న రోజుల్లోనే, 2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం నిషేధానికి నిర్ణయించింది. ఆర్డినెన్సు వెలువడింది. డిసెంబరులో పార్లమెంటు ఆమోదంతో అది చట్టమైంది. అంతమాత్రాన ఆ వార్తలు చూసే నిషేధించారనడం సరికాదు. కర్ణాటక సహా కొన్ని రాష్ట్రాలు అంతకుముందే నిషేధించాయి. కట్టడి చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2018 ఆగస్టులోనే రాష్ట్రాలకు సూచించింది. భారత వైద్య పరిశోధన మండలి 2019 మేలో సంపూర్ణ నిషేధానికి సిఫార్సు చేసింది.

తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, విక్రయం, పంపిణీ, ప్రకటన.. ఇవన్నీ నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా. సరకు నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.50 వేల వరకు జరిమానా లేదా రెండూ. ఎస్సై, ఆపై స్థాయి పోలీసు అధికారి సోదా చేసి స్వాధీనం చేసుకోవచ్చు. నికోటిన్ లేదని చెప్పి అమ్మే పరికరాలు, ఈ-హుక్కాలు కూడా దీని పరిధిలోకే వస్తాయి. సొంతానికి పీల్చేవారికి మాత్రం ఈ చట్టంలో విడిగా శిక్ష లేదు. పీలిస్తే జైలేనని కొందరు, వాడుకోవచ్చు గనుక తెప్పించుకోవచ్చని మరికొందరు చెబుతుంటారు. రెండూ తప్పే. దిగుమతి నేరమైనప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమంటే చిక్కును కొని తెచ్చుకోవడమే.

ప్రకటనలపై నిషేధం పరోక్ష ప్రచారానికీ వర్తిస్తుంది. పేరు చెప్పి పొగిడే వీడియోలు, ‘కొత్త ఫ్యాషన్’ అంటూ వచ్చే కథనాలు ఎవరివైనా ఈ గీత దాటకూడదు. ఆన్‌లైన్ అమ్మకాలు ఆగకపోవడంతో కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఫిర్యాదుల స్వీకరణకు ప్రత్యేక వెబ్‌సైటునే తెరవాల్సి వచ్చింది. కాగితంపై నిషేధానికి, కిళ్లీ కొట్టు వాస్తవానికి మధ్య దూరం మనకు కొత్తకాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో గుట్కాను నిషేధించిన తర్వాత ఏం జరిగిందో పాఠకులకు విదితమే.

ఎక్కువ హాని చేసే సిగరెట్‌ను పెట్టెపై బొమ్మ వేసి అమ్మనిస్తూ, తక్కువ హాని చేసేదాన్ని నిషేధించడం ఏం న్యాయమన్నది విమర్శకుల ప్రశ్న. ప్రశ్నలో బలముంది. ఇంగ్లండు ఇందుకు విరుద్ధ మార్గం పట్టింది. సిగరెట్ మానేందుకు పది లక్షల మందికి ఈ పరికరాలు అందిస్తామని 2023లో ప్రకటించింది. నికోటిన్ గమ్, పట్టీలు వాడినవారి కంటే ఈ-సిగరెట్ వాడినవారు కొంత ఎక్కువ సంఖ్యలో పొగ మానారని కొక్రేన్ సమీక్షలు తేల్చాయి. ఏది వాడినా నూటికి ఎనభై మందికి పైగా మానలేకపోయారన్న సంగతి కూడా అందులోనే ఉంది.

ప్రభుత్వ వాదనలోనూ పస లేకపోలేదు. అమెరికాలో 2019 నాటికి హైస్కూలు విద్యార్థుల్లో నూటికి 27 మందికి పైగా వీటిని వాడుతున్నట్లు సర్వేలో తేలింది. వారిలో ఎందరో ఎన్నడూ సిగరెట్ ముట్టనివారు. పిల్లలను ఆకర్షించేలా ప్రచారం చేసిందన్న ఆరోపణలపై జూల్ సంస్థ 2022లో 30కి పైగా రాష్ట్రాలతో 43.85 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఉదారంగా ఉన్న బ్రిటన్ సైతం ఒకసారి వాడి పారేసే రకాలను 2025 జూన్ 1 నుంచి నిషేధించింది.

మన ఊళ్ల లెక్క వేరు

ఈ చర్చంతా సిగరెట్ తాగే నగరవాసి చుట్టూ తిరుగుతోంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో 28.6 శాతం మంది పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగేవారు 4 శాతం కాగా బీడీ తాగేవారు 7.7 శాతం. ఖైనీ, గుట్కా, జర్దా వంటివి నమిలేవారు 21.4 శాతం. అప్పటికి నిషేధం లేకున్నా ఈ-సిగరెట్ వాడేవారు 0.02 శాతమే. దవడలో ఖైనీ పెట్టుకునే కూలీకి ఆవిరి గొట్టం ప్రత్యామ్నాయం కానేకాదు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో మండే కొనను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగే మహిళలకు అంగిలి క్యాన్సర్ ముప్పు ఉందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ వార్త ఏ టీవీ చర్చకూ ఎక్కదు.

మానాలనుకునేవారికి చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల దుకాణాల్లో వైద్యుడి చీటీ లేకుండానే దొరుకుతుంది. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ని అడిగే వాడాలి. పొగాకు నియంత్రణ జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో విరమణ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అంతదూరం వెళ్లలేనివారు 1800-11-2356 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. పొగతాగేవారికే కాక, నమిలేవారికీ అక్కడ సలహాలిస్తారు.