అడవిని కొలిచేది ఎలా?

బాలలారా! ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో బోలెడు చెట్లు కనిపిస్తాయి. అవన్నీ అడవియేనా? కొన్నిచోట్ల, డ్రిల్లు మాస్టరు నిలబెట్టినట్లు, చెట్లు వరుసలు కట్టి ఉంటాయి. అవి జామాయిల్ తోటలు. సారపాకలో 1979లో కాగితపు మిల్లు మొదలైనది. ఆ కర్రను రైతులు పెంచి, నాలుగైదేళ్ళకు నరికి, మిల్లుకు అమ్ముతారు.

అడవి పెరిగిందో తరిగిందో లెక్క చూచేది డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ. 1987 నుంచి ఉపగ్రహ చిత్రాలు చూచి నివేదికలు ఇస్తున్నది. ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల నేలలో, పదోవంతు మీద చెట్ల గొడుగు పరచుకొని ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణంలో చేరుతుంది. నేల ఎవరిదైనా సరే, చెట్టు ఏదైనా సరే!

కనుక ఇప్పచెట్ల అడవీ, జామాయిల్ తోటా రెండూ ఆ లెక్కలోనివే. కాని కోయ పిల్లలు ఏరుకొనే ఇప్పపువ్వు, వేసవిలో కోసే తునికాకు తోటలో దొరుకుతాయా? తోటలు వద్దని నేననను. రైతుకు నాలుగు రూపాయలు వస్తాయి, మీ నోటుపుస్తకానికి కాగితమూ వస్తుంది. అయితే రెంటినీ ఒకే పద్దులో వ్రాస్తే, ఒకచోట ఇప్ప పోయి మరొకచోట జామాయిల్ మొలిచినా నష్టం కనబడదు.

ఈసారి ఆ దారిన వెళ్ళినప్పుడు, కాగితంమీద రెండు గడులు గీయండి. వరుసచెట్లు ఒక గడిలో, కలగలుపు చెట్లు రెండవ గడిలో గుర్తు పెట్టండి.