పిల్లలకు కాపలా కాసే చేప: మన కొర్రమీను



"చేపలు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి కదా?" అని పిల్లలు అడుగుతుంటారు. చాలా చేపల విషయంలో అది నిజమే. కొర్రమీను మాత్రం అలా కాదు. కొర్రమట్ట అని కూడా పిలిచే ఈ చేపను 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద బోధన్ వైపు వరి, చెరకు పొలాలున్నాయి. ఇలాంటి చోట కుంటలు, గడ్డి పెరిగిన చెరువు అంచులు కొర్రమీనుకు ఇష్టం. దీనికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంటుంది. అందుకే నీళ్లు తగ్గిన బురదలోనూ బతుకుతుంది, మార్కెట్లో తొట్టిలో ప్రాణంతో కనిపిస్తుంది. కానీ పైకి వచ్చి గాలి పీల్చుకోలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది!

వానలు మొదలయ్యాక ఆడ, మగ చేపలు గడ్డి మధ్య కొంచెం చోటు శుభ్రం చేసుకుంటాయి. తేనె రంగు గుడ్లు నీటిపై తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఎర్రటి నారింజ రంగులో అవి గుంపుగా తిరుగుతుంటే, పెద్ద చేపలు కొన్ని వారాల పాటు కింద నుంచి కాపలా కాస్తాయి.

అమెరికా చెరువుల్లో బ్లూగిల్ అనే సన్‌ఫిష్ కూడా ఇలాంటిదే. మగ చేప తోకతో అడుగును ఊడ్చి, పళ్లెం లాంటి గూడు చేస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతే, కాపలా అంతా మగ చేపదే.

మృగశిర కార్తెకు చేపలు తినడం మన ఇళ్లలో ఆనవాయితీ. కొర్రమీను గుడ్లు పెట్టే కాలం మొదలయ్యేది కూడా దాదాపు అప్పుడే. ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే, కింద పెద్ద చేప ఉందని గాలం వేసేవాళ్లుంటారు. కాపలా చేప పోతే పిల్లల్లో చాలావరకు ఇతర చేపలకు, పక్షులకు ఆహారమైపోతాయి. ఈ రోజు ఒక్క చేప దొరుకుతుంది, రేపటి చేపలు పోతాయి.

ఇంట్లో చేసి చూడండి: చెరువు కట్ట మీద నుంచి పిల్లలకు నీళ్లను చూపించండి, దిగనివ్వకండి. కొర్రమీను గురించి తాతయ్య, నానమ్మలను అడిగి, విన్నది నాలుగు వాక్యాల్లో రాయమనండి. గుంపుతో కాపలా చేప కనిపిస్తే వదిలేయాలని మీరే చెప్పండి. మీ మాటే వాళ్లకు గుర్తుంటుంది.