మీకు తెలుసా? ఫైలు కాలిపోయినా పతకం అంచు చెబుతుంది

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఇంగ్లండ్ గని కార్మికుడి గురించో, మిల్లు కూలీ గురించో మునిమనవలు ఆరా తీస్తే చాలాసార్లు సర్వీసు ఫైలే దొరకదు. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకు లండన్‌ వాల్వర్త్‌లోని సైనిక రికార్డుల గిడ్డంగి తగలబడింది. మామూలు సిపాయిల ఫైళ్లలో దాదాపు 60 శాతం బూడిదయ్యాయి. దక్కినవాటికి ‘కాలిన పత్రాలు’ అనే పేరే స్థిరపడింది. వాటి అంచులు నల్లగా మాడిపోయి ఉంటాయి, తడిసిన చోట సిరా అలుక్కుపోయి ఉంటుంది.

అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఇంట్లో ఆనాటి యుద్ధ పతకం ఉంటే దాని అంచును భూతద్దంతో చూడాలి. సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు అక్కడే చెక్కి ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పతకాల కార్డు వెతకొచ్చు. బెటాలియన్ ఏదో తేలితే దాని యుద్ధ డైరీ చదవొచ్చు. అందులో సిపాయి పేరు కనిపించడం అరుదే. కానీ ఫలానా రోజున ఆయన దళం ఏ కందకంలో ఉందో తెలియడం తక్కువ సంగతేం కాదు!

కుటుంబం వివరాలకు మరో చిక్కుంది. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 జనగణన పత్రాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. గుర్తింపు కార్డుల కోసం 1939 సెప్టెంబరు 29 నాటి వివరాలతో రాసిన రిజిస్టరే ఇప్పుడు దిక్కు. ఇంట్లో ఎవరెవరున్నారో, వారి పుట్టిన తేదీలేమిటో, ఏ పని చేసేవారో అందులో ఉంటుంది.