మౌనం అర్ధాంగీకారమా?

మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. పెళ్లిచూపుల సంగతేమో గానీ, ఆఫీసులో ఈ మాట నమ్ముకున్న మేనేజరు మాత్రం నష్టపోతాడు. ఐటీ కన్సల్టెంటుగా బ్రిటన్‌లో చాలా కంపెనీల గడప తొక్కాను. అందులో ఒకచోట చూసిన సంగతి ఇది.

ఆ టీములో సగం మంది మనవాళ్లే. తప్పు దొరికితే మేనేజరు పదిమంది ముందూ నిలదీసేవాడు. మంచి జరిగితే తన ఖాతాలో వేసుకునేవాడు. ఇక్కడివాళ్లు ముగ్గురు కొద్ది నెలల్లోనే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. మనవాళ్లు మాత్రం కదల్లేదు. "మీవాళ్లకు ఓర్పు ఎక్కువ" అన్నాడాయన నాతో, మెచ్చుకోలుగా.

అది ఓర్పు కాదండీ, వీసా! స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు కంపెనీ మారాలంటే, కొత్త కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు ఉండాలి, హోమ్ ఆఫీసు మళ్లీ అనుమతించాలి. ఉన్న ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. భార్యాపిల్లల వీసాలూ దానికే ముడిపడి ఉంటాయి. ఇక నోరెలా పెగులుతుంది?

అలాంటప్పుడు మనిషి సీట్లోనే ఉంటాడు, మనసు ఎప్పుడో రాజీనామా చేసేస్తుంది. చెప్పినంతే చేస్తాడు. రాబోయే చిక్కు కనిపించినా పెదవి విప్పడు. ఆ టీములో ఇద్దరు శాశ్వత నివాస హక్కు చేతికి రాగానే నోటీసు ఇచ్చారు. ఆ సిస్టమ్ లోతుపాతులు తెలిసింది వాళ్లిద్దరికే. మేనేజరు నిర్ఘాంతపోయాడు.

ఆయన ఒక్కడిదే తప్పనలేం. చార్టర్డ్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 2023లో చేయించిన సర్వే ప్రకారం, బ్రిటన్‌లో మేనేజర్లయ్యేవారిలో 82 శాతం మందికి ఆ పనిలో శిక్షణే లేదు. బాగా కోడ్ రాసినవాడిని లీడ్‌ని చేసేస్తారు, మనుషులతో ఎలా మెలగాలో ఎవరూ నేర్పరు. మంచి మేనేజరు లక్షణాలేమిటని గూగుల్ 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో పరిశీలించినప్పుడు ఎనిమిది తేలాయి. దగ్గరుండి నేర్పే గుణం మొదటిది, సాంకేతిక పరిజ్ఞానం చివరిది! మన హైదరాబాదీ సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాక, పై అధికారుల చేతిలో పెట్టింది టెక్నాలజీ పుస్తకం కాదు. ఎదుటివారిని నొప్పించకుండా మాట్లాడటం గురించి మార్షల్ రోజెన్‌బర్గ్ రాసిన పుస్తకం.

ఆఫీసులో మింగిన మాట ఇంట్లో విసుగై బయటపడుతుంది. ఆ సంగతి మన పిల్లలకు బాగా తెలుసు.

ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఇప్పుడు మేనేజర్లమే. మన కింద పనిచేసేవారిలో వీసా మీద ఉన్నదెవరో మనకు తెలుసు. వారానికి ఓ అరగంట విడిగా కూర్చోబెట్టి, "ఏమిటి ఇబ్బంది?" అని అడుగుదాం. చెప్పినదాంట్లో ఒక్కటైనా సరిచేసి చూపిద్దాం. మంచి పని చేసినవారి పేరు పదిమందిలో చెబుదాం, తప్పుంటే గదిలో చెబుదాం. వెళ్లలేని మనిషి గొంతు విప్పాడంటే, మనల్ని నమ్మాడనే అర్థం.