సేజ్: ఒక మహాగణక వ్యవస్థ నిర్మాణ నిర్వహణ

గణకయంత్ర శాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ఎప్పుడో ఒకప్పుడు ఒక పటం తప్పక ఎదురవుతుంది. పైనుండి క్రిందికి మెట్లు మెట్లుగా కొన్ని గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో అవసరాల నిర్ధారణ, తరువాతి వాటిలో రూపకల్పన, ప్రోగ్రాం రచన, పరీక్ష, చివరి గడిలో నిర్వహణ. నీరు మెట్ల మీదుగా జారినట్లు పని ఒక దశ నుండి మరొక దశకు జారుతుందని అధ్యాపకులు చెబుతారు, విద్యార్థులు వ్రాసుకుంటారు, పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తుంది. ఈ పద్ధతికి ఆద్యులలో ఒకరుగా హెర్బర్ట్ బెనింగ్టన్ అనే అమెరికన్ ఇంజనీరును పేర్కొనడం పరిపాటి. 1956లో ఆయన ఒక సదస్సులో చదివిన పత్రమే అందుకు కారణం. అయితే ఆ పత్రం ఏ పనిలోనుండి పుట్టినదో, ఆ పనిలో మొదటి మెట్టుకు ముందు ఏమి జరిగినదో పాఠ్యగ్రంథాలు సాధారణంగా చెప్పవు. ఆ పని పేరు 'సేజ్'. అమెరికా వాయుసేన తన గగనతల రక్షణ కోసం నిర్మింపజేసిన గణక వ్యవస్థ అది.

1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును పరీక్షించినది. రెండు మహాసముద్రాలే తమకు కోటగోడలని అంతవరకు నిశ్చింతగా ఉండిన అమెరికాకు ఆ వార్తతో నిద్ర కరవైనది. ఉత్తర ధ్రువం మీదుగా బాంబర్లు వస్తే వాటిని కనిపెట్టి ఎదుర్కొనడానికి ఏమున్నదని విచారించగా, ఉన్నది రెండవ ప్రపంచ యుద్ధకాలపు పద్ధతే. రాడార్ తెర ముందు కూర్చున్న సైనికుడు తాను చూచిన చుక్క స్థానాన్ని టెలిఫోన్‌లో చెబుతాడు. కేంద్రంలో మరొకడు పారదర్శకమైన ఒక పెద్ద పలక వెనుక నిలబడి, ముందు కూర్చున్న అధికారికి సరిగా కనబడేటట్లు అక్షరాలను తిరగవేసి వ్రాస్తాడు. పది విమానాలు వస్తే ఈ పద్ధతి చాలునేమో. వంద వస్తే చెప్పేవానికీ, వ్రాసేవానికీ ఊపిరి సలపదు. అదీగాక, భూమి గుండ్రంగా ఉన్నందువల్ల తక్కువ ఎత్తున ఎగిరే విమానం దూరపు రాడార్‌కు కనబడదు. కనుక చిన్న రాడార్లను దగ్గర దగ్గరగా అనేకం నిలపవలె. అట్లా నిలిపితే వచ్చిపడే సమాచారాన్ని మనిషి చేతితో సమకూర్చడం అసాధ్యం.

ఈ సమస్యను పరిశీలించడానికి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన జార్జి వ్యాలీ అధ్యక్షతన వాయుసేన ఒక సంఘాన్ని నియమించినది. రాడార్లన్నింటి సమాచారాన్ని ఒక గణకయంత్రానికి అందించవలెనని వ్యాలీ ఆలోచన. కానీ ఆనాటి గణకయంత్రాలు లెక్క ఇస్తే నిదానంగా చేసి జవాబు చెప్పేవే గాని, విమానం కదులుతూ ఉండగా దానితోపాటు పరుగెత్తగలిగినవి కావు. 1950 జనవరిలో జెరోమ్ వీస్నర్ అనే సహాచార్యుడు వ్యాలీకి నడవలో ఎదురై, మన విద్యాలయంలోనే అటువంటిది ఒకటి తయారవుతున్నదని చెప్పినాడు. అది 'వర్ల్‌విండ్'. జే ఫారెస్టర్, రాబర్ట్ ఎవరెట్ అనే యువ ఇంజనీర్లు నౌకాదళం కోసం దానిని నిర్మిస్తున్నారు. విమానచోదకుల శిక్షణకు ఉపయోగపడే కృత్రిమ విమానంగా ఆ పని ఆరంభమైనది. చోదకుడు మీట కదిపిన క్షణంలోనే యంత్రం జవాబు చెప్పవలె గనుక దానిని అమిత వేగంగా రూపొందించినారు. అప్పటికి ఖర్చు చూచి నౌకాదళపు పరిశోధనా కార్యాలయం విసిగిపోయి ఉన్నది. ఒక దేశపు రక్షణకు కావలసిన యంత్రం, దానిని వెదకుతున్న ఆచార్యుని సొంత విద్యాలయంలోనే ఉండి, ఆయనకు తెలియకపోవడం విద్యాసంస్థలలో పనిచేసేవారికి ఆశ్చర్యం కలిగించదనుకుంటాను.

1951 ఏప్రిల్ 20న వర్ల్‌విండ్, రాడార్ సమాచారాన్ని స్వీకరించి, ఎదురువెళ్ళే విమానానికి దారి లెక్కకట్టి, లక్ష్యం దగ్గరకు చేర్చినది. అదే సంవత్సరం లింకన్ ప్రయోగశాల ఏర్పడినది. 1953 నాటికి కేప్ కాడ్ ద్వీపకల్పం మీద సౌత్ ట్రూరోలోని పెద్ద రాడార్‌ను, కొన్ని చిన్న రాడార్లను టెలిఫోన్ తీగల ద్వారా వర్ల్‌విండ్‌కు కలిపి ఒక నమూనా వ్యవస్థను నడిపినారు. ఈ నమూనాను చదువరులు జ్ఞాపకం ఉంచుకొనవలె; వ్యాసాంతంలో దీని ప్రసక్తి మరల వస్తుంది.

నమూనాలో తెలిసివచ్చిన సంగతులు కాగితం మీద ఊహించి వ్రాయగలిగినవి కావు. రాడార్‌కు విమానమొక్కటే కనబడదు. కొండలు, మేఘాలు, వలసపోయే పక్షుల గుంపులు కూడ ప్రతిధ్వనిని పంపుతాయి. వీటినన్నింటినీ యంత్రం విమానాలుగా భావిస్తే దాని జ్ఞాపకశక్తి క్షణంలో నిండిపోతుంది. అందుకు వారు కనిపెట్టిన ఉపాయం మిక్కిలి సరళమైనది. రాడార్ తెర మీద ఒక కాంతిగ్రాహక పరికరాన్ని అమర్చి, పనికిరాని ప్రతిధ్వనులు వచ్చే చోట్లను తెర మీదనే కప్పివేసినారు. కప్పిన చోటి వెలుగు పరికరానికి అందదు గనుక యంత్రానికీ చేరదు. ఏది కప్పవలెనో నిర్ణయించేది మనిషి కన్ను. అట్లే, కనబడిన విమానం తమదా, గుర్తు తెలియనిదా అని వర్గీకరించేటప్పుడు, ముందుగా అందిన ప్రయాణ వివరాలతో పోల్చి చూచేది యంత్రమైనా, సందేహం వచ్చినప్పుడు తీర్పు చెప్పేది తెర ముందున్న అధికారే. తుపాకి ఆకారంలో ఉన్న ఒక కాంతి పరికరాన్ని తెర మీది చుక్కకు గురిపెట్టి నొక్కితే ఆ చుక్క వివరాలన్నీ కనబడేవి. ఈనాడు మనం వ్రేలితో తెరను తాకే అలవాటుకు పూర్వరూపం అదే.

తరువాతి సమస్య: ఒక్క వర్ల్‌విండ్ స్థానంలో దేశమంతటా అనేక యంత్రాలు కావలె. ప్రయోగశాల వాటిని తయారుచేయలేదు. ఫారెస్టర్ బృందం పలు కంపెనీలను స్వయంగా చూచివచ్చి, 1952 అక్టోబరులో ఐ.బి.ఎం.ను ఎన్నుకొన్నది. ఇక్కడినుండి పని స్వరూపం మారినది. లెక్సింగ్టన్‌లోని ప్రయోగశాలకూ, పొకీప్సీలోని కర్మాగారానికీ మధ్య దూరం ఉన్నది. అంతకుమించి ఆలోచనలలో దూరం ఉన్నది. విద్యాలయం వారు ప్రతిదినం మెరుగుచేయాలనుకుంటారు. కర్మాగారం వారికి ఏదో ఒకటి స్థిరపడితే తప్ప పని సాగదు. సుమారుగా రెండింటికీ నడుమనున్న హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఇరుపక్షాల ఇంజనీర్లు సమావేశమైనారు. 1953లో ఒక్కొక్క అంశాన్నీ చర్చించి తేల్చివేయడానికి జరిగిన సమావేశాల పరంపరకు 'గ్రైండ్' అని పేరు పెట్టినారు. తిరగలిలో వేసి విసరడమన్నమాట. ఆ పేరు వింటేనే వాటి వాతావరణం ఎట్లా ఉండినదో తెలుస్తున్నది.

నిర్వహణ శాస్త్రం చదివేవారు గమనించవలసిన ముఖ్య విషయం దీని తరువాతిది. జాన్ జేకబ్స్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఒక వ్యవస్థా కార్యాలయం ఏర్పడి, 'సమ్మతి' పద్ధతిని అమలుపరచినది. ఎవరైనా ఒక మార్పు ప్రతిపాదిస్తే అది కాగితం మీదికి రావలె. ఆ మార్పు తగిలే ప్రతి విభాగానికీ ఆ కాగితం పోవలె. విభాగాధిపతి సంతకం చేయవలె, లేదా ఎందుకు చేయడో వ్రాయవలె. అంతవరకు మార్పు జరగదు. చూడడానికి ఇది మన కార్యాలయాలలో ఫైలు తిరిగినట్లే ఉన్నది. కాని భేదం ఒకటున్నది. అక్కడ ఫైలు తిరిగినది అనుమతి కోసం కాదు, ఎరుక కోసం. రాడార్ వైపు ఒక సంకేతం మారితే తెరల వైపు ఎవరి పని చెడుతుందో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు. అందరూ చదివితే తెలుస్తుంది. వాల్వులు, తీగలు, తెరల కంటె ఈ కాగితాలే సేజ్‌ను ఒకటిగా నిలబెట్టినవని నా అభిప్రాయం.

యంత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్క యంత్రంలో సుమారు 50,000 వాల్వులు, 250 టన్నుల బరువు. కిటికీలు లేని నాలుగంతస్తుల కాంక్రీటు భవనంలో రెండేసి యంత్రాలు ఉండేవి. ఒకటి పనిచేస్తుండగా రెండవది సిద్ధంగా ఉంటుంది. వాల్వు మాడిపోయేదాకా ఆగకుండా, విద్యుత్ పీడనాన్ని కావాలని హెచ్చించీ తగ్గించీ బలహీనమైన వాల్వులను ముందే ఏరివేసేవారు. ఫారెస్టర్ కనిపెట్టిన అయస్కాంత వలయాల జ్ఞాపకశక్తి ఇందులో ఉపయోగించబడి, ఆ తరువాత దాదాపు ఇరవై సంవత్సరాలు ప్రపంచంలోని గణకయంత్రాలన్నింటికీ ఆధారమైనది.

కష్టమంతా ప్రోగ్రాముల దగ్గర వచ్చినది. యంత్రానికి ఎంత ధర అవుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో లెక్కకట్టినవారు, ఆ యంత్రానికి పని చెప్పే ఆదేశాలు వ్రాయడానికి ఎందరు కావలెనో ఊహించలేకపోయినారు. ఆ వృత్తే అప్పటికి లేదు. ప్రయోగశాలకు అది తలకు మించిన భారం కాగా, కాలిఫోర్నియాలోని రాండ్ సంస్థ 1955లో ఆ బాధ్యతను స్వీకరించినది. అందుకై ఏర్పడిన విభాగమే 1957లో సిస్టం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే ప్రత్యేక సంస్థ అయినది. ప్రోగ్రాం అంటే ఏమిటో ఎరుగనివారిని బుద్ధి పరీక్షల ద్వారా ఎంచుకొని, కొద్ది వారాల శిక్షణ ఇచ్చి పనిలో పెట్టినారు. 1959 నాటికి ఈ విధంగా పనిచేసే ప్రోగ్రాం రచయితలు 700 మందికి మించినారు. వారిలో పలువురు తరువాత ఇతర కంపెనీలకు వెళ్ళి ఆ వృత్తిని దేశమంతటా వ్యాపింపజేసినారు. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణాలయాలను చూచినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు.

వందలమంది కలిసి ఒక ప్రోగ్రాం వ్రాయడమెట్లా? ఒకరు విమానపు ఎత్తును ఒక పేరుతో, ఇంకొకరు మరొక పేరుతో వ్యవహరిస్తే మొత్తం కూలిపోతుంది. అందుకని 'కాంపూల్' అనే ఉమ్మడి పట్టికను ఏర్పరచినారు. ప్రతి అంశానికీ ఒకే పేరు, ఒకే స్థానం, ఒకే కొలత. పట్టికను తన ఇష్టం వచ్చినట్లు మార్చే హక్కు ఏ రచయితకూ లేదు. ఉమ్మడి కుటుంబంలో ధాన్యపు గాదె తాళం ఒకరి కొంగున ఉన్నట్లు, పట్టిక ఒకచోట ఉండినది.

ఈ అనుభవాన్నే బెనింగ్టన్ 1956 జూన్‌లో వాషింగ్టన్‌లో నౌకాదళం ఏర్పాటుచేసిన సదస్సులో వివరించినారు. కార్యప్రణాళికతో మొదలుపెట్టి, వ్యవస్థ చేయవలసిన పనుల వివరణ, ప్రోగ్రాం వివరణ, రచన, విడివిడి భాగాల పరీక్ష, భాగాలను కలుపుతూ పరీక్ష, వాస్తవ స్థలంలో పరీక్ష అని దశలను వరుసగా పేర్కొన్నారు. అసలు ప్రోగ్రాం సుమారు లక్ష ఆదేశాలు కాగా, దానిని వ్రాయడానికీ పరీక్షించడానికీ కావలసిన సహాయక ప్రోగ్రాములు కూడ దాదాపు అంతే పరిమాణంలో అవసరమైనవి. ఇల్లు కట్టడానికి ఇంటి ఖర్చంత పరంజాకే అయినదన్నమాట. 1970లో విన్‌స్టన్ రాయిస్ గీచిన మెట్ల పటం ఈ వరుసకే ప్రసిద్ధి తెచ్చినది. ఆ వరుసను ఉన్నదున్నట్లు పాటించడం ప్రమాదకరమని రాయిస్ అదే వ్యాసంలో వ్రాసినారు గాని, పటం వ్యాపించినంతగా ఆ వాక్యం వ్యాపించలేదు.

మొదటి సేజ్ కేంద్రం న్యూజెర్సీలోని మెక్‌గ్వైర్ స్థావరంలో 1958 జూలై 1న పనిలోకి వచ్చినది. అప్పటికి తొమ్మిది నెలల క్రిందటే, 1957 అక్టోబరు 4న, స్పుత్నిక్ అంతరిక్షంలోకి వెళ్ళినది. ఇక భయపడవలసినది బాంబర్లకు కాదు, క్షిపణులకు అని తేలిపోయినది. క్షిపణిని సేజ్ ఆపలేదు. పైగా దాని కేంద్రాలలో కెనడాలోని నార్త్ బే తప్ప మిగిలినవన్నీ నేల మీదనే ఉన్నందున, మొదటి దెబ్బకే పోగలవు. కాగితాలన్నీ సంతకాలతో తిరిగినా, మొత్తం పని ఇంకా అవసరమేనా అనే ప్రశ్న వేయవలసిన గడి ఏ కాగితంలోనూ లేదు. అయినా నిర్మాణం ఆగలేదు. 20కి పైగా కేంద్రాలు వెలసి, 1980ల ఆరంభం వరకు క్రమంగా మూతపడినవి. ఆ పనిలో ఐ.బి.ఎం. నేర్చుకొన్న విద్య విమాన టిక్కెట్లను కేటాయించే 'సేబర్' వ్యవస్థలో ఉపయోగపడినది. వర్ల్‌విండ్ బృందంలోని కెన్ ఓల్సెన్ 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీని స్థాపించినారు.

1983లో బెనింగ్టన్ పత్రాన్ని గణకయంత్ర చరిత్రకు సంబంధించిన ఒక పత్రిక పునర్ముద్రించినది. దానికి ఆయన కొత్తగా ఒక ముందుమాట వ్రాసినారు. ఒక్క ఆదేశమైనా వ్రాయకముందే సమస్తమూ కాగితం మీద నిర్ణయం కావలెనని ఆ నాటికి పలువురు పట్టుపడుతుండినారు. అది తప్పుదారి పట్టించే వాదమని, ప్రమాదకరమని ఆయన హెచ్చరించినారు. తాము దశలవారీగా పనిచేసిన మాట నిజమే. కాని మొదటి మెట్టు ఎక్కకముందే కేప్ కాడ్‌లో 35,000 ఆదేశాల నమూనా నడుస్తూ ఉండినదని, అందులోని ప్రతి భాగమూ ఏమి చేస్తుందో, ఏది దేనితో ముడిపడి ఉన్నదో క్షుణ్ణంగా ఎరిగినవారు 20 మంది ఉండినారని జ్ఞాపకం చేసినారు. 1956 నాటి పత్రంలో ఈ సంగతికి తగిన ప్రాముఖ్యం లభించలేదు. తమ పెద్ద పొరపాటు, ఆ 35,000 నుండి లక్షకు పైగా ఆదేశాలున్న ప్రోగ్రాముకు ఒకేసారి దుమకడమేనని కూడ ఆయన వ్రాసినారు. మరల చేయవలసివస్తే, చిన్న చట్రాన్ని ముందు నిలబెట్టి, దానిని మెల్లగా పెంచుకుంటూ పోయేవాడినని అభిప్రాయపడినారు.