ఎక్స్ నొక్కితే వై! ఆ తప్పును ఎందుకు దిద్దరు?

గేమ్ కంట్రోలర్‌ను టైప్-సి కేబుల్‌తో ఫోన్‌కి తగిలిస్తాం. కన్ను మూసి తెరిచేలోగా ఆటలో బొమ్మ పరుగు మొదలుపెడుతుంది. యాప్ ఏదీ వేసుకోలేదు, సెట్టింగ్స్ ముట్టుకోలేదు. ‘పెట్టగానే పని చేసింది, అంతేగా’ అనుకుని ఆటలో పడిపోతాం.

అంతే కాదండీ. ఆ కాస్త టైములోనే కంట్రోలర్ ‘నేను ఫలానా’ అని చెప్పుకుంటుంది. ఫోన్ దాన్ని గుర్తుపట్టి, అది పంపే అంకెల్లో ఏది ఏ బటనో తెలుసుకుని, ఆటకు అర్థమయ్యే మాటల్లోకి మారుస్తుంది. ఈ దుబాసీ పని చేసే కోడ్ ముక్కనే డ్రైవర్ అంటారు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నల్‌లో ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్ల కోసం ‘ఎక్స్‌ప్యాడ్’ అనే డ్రైవర్ ఉంది. దాని పుట్టుక 2002. ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది కంటే అదే పెద్దదన్నమాట!

ఆ కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు. ‘ఇక్కడ ఇలా మారిస్తే బాగుంటుంది’ అని ఎవరైనా మార్పు పంపొచ్చు. ఆ మార్పునే ప్యాచ్ అంటారు. అయితే పంపిందల్లా లోపలికి వెళ్లిపోదు. మధ్యలో రివ్యూ అనే గడప ఉంది. తెలిసినవాళ్లు ప్యాచ్‌ను లైను లైనూ చదువుతారు, ప్రశ్నలు వేస్తారు. ఆ విభాగం చూసుకునే మెయింటెయినర్ సరేనంటేనే గడప దాటుతుంది.

కోడ్ కరెక్టా కాదా అని చూస్తారు, అంతేగా అంటారా? అది మొదటి ప్రశ్న మాత్రమే. తలనొప్పంతా రెండో ప్రశ్నతోనే: ఇది మారిస్తే, ఇవాళ హాయిగా ఆడుకుంటున్న ఎవరి ఆట ఆగిపోతుంది?

ఒక్క లైనే కదా..?

ఎక్స్‌ప్యాడ్‌కి వచ్చే ప్యాచ్‌ల్లో చాలావరకు చిన్నవే. కొత్త కంట్రోలర్ మార్కెట్లోకి వస్తుంది, ఎవరో కొంటారు, లినక్స్‌లో పని చేయదు, ఒక లైను రాసి పంపుతారు. యూఎస్‌బీ పరికరం ప్రతిదానికీ రెండు నంబర్లుంటాయి. కంపెనీది ఒకటి, మోడల్‌ది ఒకటి. మైక్రోసాఫ్ట్ నంబర్ 1118. వైరున్న ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ నంబర్ 654. (కోడ్‌లో వీటిని హెక్సాడెసిమల్‌లో రాస్తారు, మనకు మామూలు అంకెలే సుఖం.) డ్రైవర్‌లో ఇలాంటి జతలతో వందల లైన్ల పట్టిక ఉంది. చివరి లైనులో, ఏ జతతోనూ కలవనివాటి కోసం ‘జెనరిక్ ఎక్స్‌బాక్స్ ప్యాడ్’ అని ఒక పేరు కూడా పెట్టి ఉంచారు.

కొత్తవాళ్లు ఇక్కడే కాలు జారుతుంటారు. పట్టిక నంబర్ల వరుసలో ఉంటుంది, వాళ్లేమో తమ లైను ఎక్కడో అతికిస్తారు. ఇంకో చిక్కేమిటంటే పట్టికలు రెండు. కంపెనీ కొత్తదైతే దాని నంబర్‌ను రెండో పట్టికలోనూ చేర్చాలి. లేకపోతే డ్రైవర్ ఆ కంట్రోలర్ వంకే చూడదు. ‘ఒక్క లైనే కదా’ అని పంపిన ప్యాచ్ ‘రెండోది ఏదీ?’ అన్న ప్రశ్నతో తిరిగొస్తుంది.

ఇక నకిలీల సంగతి. చవగ్గా దొరికే కంట్రోలర్లలో చాలా ‘నేను మైక్రోసాఫ్ట్ 654ని’ అని అబద్ధమాడతాయి. ఆ నంబర్ అన్ని సిస్టమ్‌లకూ తెలుసు కాబట్టి పని సులువు. వేరేవాళ్ల ఆధార్ చూపించి లోపలికొచ్చినట్టన్నమాట. కాకపోతే వాటిలో కొన్నింటికి ఓ తిక్క ఉంది. మొదట్లో ఒక ప్రత్యేకమైన ప్రశ్న అడిగితే తప్ప పూర్తిగా మేలుకోవు. అందుకే డ్రైవర్ ఇప్పుడు 360 రకం కంట్రోలర్‌ను తగిలించగానే 20 బైట్ల జవాబు ఒకటి అడుగుతుంది. 25 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ ఎదురుచూడదు. ఆ జవాబుతో డ్రైవర్‌కి పనేం లేదు, అడగడమే ముఖ్యం.

రివ్యూ చేసేవాళ్ల కళ్లతో ఈ మార్పు చూడండి. నకిలీవి మేలుకుంటాయి, సంతోషమే. మరి ఏళ్లుగా బుద్ధిగా పని చేస్తున్న అసలు కంట్రోలర్ ఏదైనా ఈ కొత్త ప్రశ్నకు జవాబివ్వకపోతే? ‘జవాబు రాలేదు, ఫెయిల్’ అని డ్రైవర్ చేతులెత్తేస్తే, ఆ కంట్రోలర్ ఉన్నవాళ్లు అప్‌డేట్ చేసుకున్న మర్నాడే తిట్లు మొదలుపెడతారు. అందుకే ఆ కోడ్‌లో జవాబు రాకపోతే లాగ్‌లో ఓ హెచ్చరిక రాసుకుని ముందుకెళ్లిపోతుంది, అంతే. ఆ కాస్త ఊరుకునే గుణం లేకపోతే అదే ప్యాచ్ ఇంకొకరి నెత్తిన బండ అయ్యేది.

మైనస్ పెట్టకూడని చోటు

బుర్రకు పని పెట్టే చోటు ఇంకొకటి. స్టిక్‌ను పైకి తోస్తే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ప్లస్ అంకె పంపుతుంది. లినక్స్ లెక్కలో పైకి అంటే మైనస్. కాబట్టి డ్రైవర్ గుర్తు తిరగేయాలి. ‘ముందు మైనస్ పెడితే సరి’ అనిపిస్తుంది కదా? స్టిక్ అంకెలు -32768 నుంచి 32767 వరకు ఉంటాయి. -32768కి ముందు మైనస్ పెడితే 32768 వస్తుంది. కానీ ‘నా గరిష్ఠం 32767’ అని డ్రైవర్ ముందే ప్రకటించింది. పోనీ దాన్ని 16 బిట్లలోనే కుక్కుదామంటే చుట్టు తిరిగి మళ్లీ -32768 అయిపోతుంది. అంటే స్టిక్‌ను పూర్తిగా కిందికి లాగితే ఆటలో మనిషి ఆకాశంలోకి చూస్తాడు!

అందుకే అక్కడ మైనస్ బదులు బిట్లన్నింటినీ తారుమారు చేసే టిల్డే గుర్తు వాడారు. దాంతో -32768 సరిగ్గా 32767 అవుతుంది. మధ్యలో ఉన్న సున్నా మాత్రం -1 అవుతుంది. కానీ మధ్యకు అటూ ఇటూ 128 వరకు కదలికను సున్నాగానే తీసుకోవచ్చని డ్రైవర్ చెబుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ‘ఈ వింత గుర్తెందుకు, మైనస్ అయితే చదవడానికి బాగుంటుంది’ అని సరిదిద్దబోయేవాళ్లకు రివ్యూలో అడ్డం పడాల్సింది ఇలాంటి చోటే.

దిక్కా, అక్షరమా?

ఇప్పుడు టైటిల్‌లోని గొడవకొద్దాం. నాకైతే మొత్తం కథలో ఇదే ఇష్టం.

కంట్రోలర్ కుడివైపు నాలుగు బటన్లుంటాయి కదా. ఎక్స్‌బాక్స్‌లో కింద ఏ, కుడివైపు బి, ఎడమవైపు ఎక్స్, పైన వై. నింటెండోలో అవే అక్షరాలు, చోట్లు వేరు: కుడివైపు ఏ, కింద బి, పైన ఎక్స్, ఎడమవైపు వై. ప్లేస్టేషన్‌లో అసలు అక్షరాలే లేవు, గుర్తులు. మరి ఆట రాసేవాళ్లు ఏ పేరుతో పిలవాలి?

లినక్స్‌లో మొదట బటన్లకు అక్షరాల పేర్లే ఉండేవి. 2013లో ఒక పద్ధతి రాసుకున్నారు. అక్షరం కాదు, దిక్కు ముఖ్యం. కిందిది దక్షిణం, కుడిది తూర్పు, పైది ఉత్తరం, ఎడమది పడమర. ఐడియా బాగుంది. కానీ పాత అక్షరాలకున్న నంబర్లనే కొత్త దిక్కులకూ ఇచ్చారు. ఏ నంబర్ దక్షిణానికి, బి నంబర్ తూర్పుకి వెళ్లాయి, అంటే ఎక్స్‌బాక్స్ వరుస. ఎక్స్ నంబర్ 307 ఉత్తరానికి, వై నంబర్ 308 పడమరకి వెళ్లాయి, అంటే నింటెండో వరుస. సగం వాళ్లది, సగం వీళ్లది!

ఎక్స్‌ప్యాడ్ అప్పటికే పదేళ్లుగా ఎక్స్ నొక్కితే 307, వై నొక్కితే 308 పంపుతోంది. కొత్త పద్ధతి ప్రకారం చూస్తే ఎడమవైపున్న ఎక్స్ ‘నేను ఉత్తరం’ అంటోంది, పైనున్న వై ‘నేను పడమర’ అంటోంది. చూడగానే తెలిసిపోయే తప్పు. రెండు పదాలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లెవరికైనా చేయి దురద పెట్టే చోటే.

అయినా మార్చరు. ఎందుకంటే ఈలోగా ప్రపంచం ఆ తప్పుకి అలవాటు పడిపోయింది. ఎక్స్‌ప్యాడ్ 307 పంపిందంటే ఎడమ బటన్ అని ఆటలకు తెలుసు, ఆటలకు సాయపడే లైబ్రరీలకు తెలుసు, ఆండ్రాయిడ్‌లోని కీ లేఅవుట్ ఫైళ్లకు తెలుసు. ఇవాళ డ్రైవర్‌ను ‘కరెక్ట్’ చేస్తే అవన్నీ తప్పైపోతాయి. కాల్చే బటన్ నొక్కితే తుపాకీ మారుతుంది. లినక్స్ కెర్నల్‌లో లినస్ పట్టుబట్టే నియమం ఒకటుంది: పైన నడుస్తున్న ప్రోగ్రాములను కెర్నల్ మార్పు చెడగొట్టకూడదు. ఆ ప్రోగ్రాములు తప్పు మీదే ఆధారపడ్డా సరే. పద్ధతి కాగితం మీద గెలిచింది, అలవాటు కోడ్‌లో గెలిచింది.

పద్ధతి రాసుకున్నాక వచ్చిన డ్రైవర్లకు ఈ మొహమాటం లేదు. డ్యూయల్‌సెన్స్ కోసం సోనీ కంపెనీయే ముందుకొచ్చి రాసిన డ్రైవర్ 2021లో 5.12 కెర్నల్‌లో చేరింది. అందులో చదరం బటన్ పడమర, త్రిభుజం ఉత్తరం. 2022 జనవరిలో 5.16తో వచ్చిన నింటెండో డ్రైవర్ కూడా దిక్కులే పాటిస్తుంది. బయటి డెవలపర్ రాసిన ఆ డ్రైవర్ రివ్యూల్లో పలుమార్లు తిరగరాయించుకుని, ఏళ్లు పట్టాక గడప దాటింది. ఓపికకి దండం పెట్టాలి.

సున్నాతో భాగిస్తే

ఇదంతా ఆట చెడిపోవడం గురించి. ఫోనో, కంప్యూటరో మొత్తం కుప్పకూలే సందర్భాలూ ఉన్నాయి. యాప్ క్రాష్ అయితే మూసి తెరుస్తాం. డ్రైవర్ ఉండేది కెర్నల్‌లో కాబట్టి అక్కడ తేడా వస్తే సిస్టమ్ మొత్తాన్ని లాగేయొచ్చు. అందుకే రివ్యూ చేసేవాళ్లు కంట్రోలర్‌ను నమ్మరు. అది పంపే ప్రతి అంకెనూ అనుమానిస్తారు.

ప్లేస్టేషన్ కంట్రోలర్లలో కదలిక పసిగట్టే సెన్సర్లుంటాయి. వాటి క్యాలిబ్రేషన్ అంకెల్ని డ్రైవర్ కంట్రోలర్‌నే అడిగి తెచ్చుకుని, వాటితో భాగించి లెక్క వేస్తుంది. ఆ అంకె సున్నా వస్తే? లెక్కల మాస్టారు చిన్నప్పుడే చెప్పారు. ఆ సున్నాను పట్టుకునే తనిఖీలు 2022-23 ప్రాంతంలో చేరాయి. అంతకుముందు 2013లో ఇన్‌పుట్ పరికరాల డ్రైవర్లలో వరుసగా లోపాలు బయటపడ్డాయి. కావాలని తేడాగా తయారుచేసిన పరికరాన్ని తగిలిస్తే, మెమరీలో తనది కాని చోట రాయించొచ్చని తేలింది. అప్పటి సోనీ కంట్రోలర్ డ్రైవర్ కూడా ఆ జాబితాలో ఉంది.

మరీ కఠినంగా ఉంటే ఇంకో బాధ. కొన్ని నకిలీ డ్యూయల్‌షాక్ 4లు క్యాలిబ్రేషన్ అడిగితే జవాబే ఇవ్వవు. డ్రైవర్ ‘అయితే నువ్వొద్దు’ అనేసేది. 2024లో వచ్చిన ప్యాచ్‌లతో కాస్త మెత్తబడింది. జవాబు రాకపోయినా బటన్లు, స్టిక్‌లు పని చేయనిస్తుంది. నకిలీలను ఎందుకు వెనకేసుకురావాలి అని అడిగేవాళ్లుంటారు. కొన్న కుర్రాడికి అది నకిలీ అని తెలిసి ఉండకపోవచ్చు కదా!

ఇన్ని చూసే రివ్యూ మనిషి దగ్గర పట్టికలోని కంట్రోలర్లన్నీ ఉండవు. ప్యాచ్ పంపినవాళ్లు ‘నా దగ్గర పని చేసింది’ అంటారు, నమ్మాలి. అందుకే కోడ్ రాయడం రానివాళ్లకీ ఇక్కడ ఒక చోటుంది. ప్యాచ్ కింద సంతకాల వరుస ఉంటుంది. ‘సైన్డ్-ఆఫ్-బై’ అంటే ఈ కోడ్ పంపే హక్కు నాకుందని మాట ఇవ్వడం. 2004 నుంచి ఆ మాటకు రాతపూర్వక నిబంధన ఉంది. ‘రివ్యూడ్-బై’ అంటే చదివి ఒప్పుకున్నానని. ఇంకొకటి ‘టెస్టెడ్-బై’. లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కొత్త కెర్నల్‌ను బిల్డ్ చేసి, మీ దగ్గరున్న ఏడెనిమిది వందల రూపాయల కంట్రోలర్ తగిలించి, ఒక్కో బటన్ నొక్కి చూసి, ఏది ఏ నంబర్ ఇచ్చిందో రాసి పంపితే ఆ లైనులో మీ పేరు పడుతుంది. ఎక్స్ నొక్కినప్పుడు 307 వస్తే మాత్రం కంగారు పడకండి, అది ఇప్పటికీ అలాగే ఉంది.