బొమ్మొస్తోంది... మాటేదీ?

తిరుపతిలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా పట్టుచీరల కిందో, ఎల్ఐసీ కాగితాల పక్కనో ఒక డిస్కుల డబ్బా కనిపిస్తుంది. తిరుచానూరులో జరిగిన అక్క పెళ్లి, గంగమ్మ జాతరలో వేషం కట్టిన తమ్ముడు, పాప పుట్టువెంట్రుకలు, నాయన షష్టిపూర్తి... అన్నీ అందులోనే. డీవీడీ ప్లేయరు ఎప్పుడో అటకెక్కింది. కొత్త లాప్‌టాపుల్లో డిస్కు పెట్టే అరే లేదు. సరేలెమ్మని యూఎస్‌బీకి తగిలించే డ్రైవు ఒకటి కొనుక్కొచ్చి, ఏదో కన్వర్టర్ దించుకుని, గంటసేపు కూర్చుని ఎంపీ4 చేస్తే... బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, మాట మాత్రం రాదు!

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని తెలిశాక, పండక్కి ఇంటికొస్తే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చేస్తారు. "బొమ్మొస్తా ఉంది, మాట రావడంలేదప్పా, రవ్వంత చూడు" అంటూ. ఆఫీసులో నేను చేసే పనికీ దీనికీ సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు. అలా చూసీ చూసీ అర్థమైంది ఏమిటంటే, చాలా డిస్కుల్లో శబ్దం భద్రంగానే ఉంది. మార్చే దారిలోనే ఎక్కడో జారిపోతోంది.

డీవీడీని కంప్యూటర్లో తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందులో వీఓబీ అనే పెద్ద పెద్ద ఫైళ్లు ఉంటాయి, ఒక్కోటీ 1 జీబీకి మించదు. బొమ్మా శబ్దమూ జడలో పాయల్లా వాటిలో అల్లుకుని ఉంటాయి. పక్కనే ఐఎఫ్ఓ అని బుల్లి ఫైళ్లు. అవి పుస్తకానికి విషయసూచిక లాంటివి. ఎన్ని శబ్దం ట్రాకులున్నాయి, ఏది ఏ భాష, ఏ రకం అన్నది వాటిలోనే రాసి ఉంటుంది. బొమ్మ సాధారణంగా ఎంపెగ్-2లో ఉంటుంది. శబ్దం మాత్రం డాల్బీ వాళ్ల ఏసీ-3 కావచ్చు, ఎల్‌పీసీఎం కావచ్చు, ఎంపీ2 కావచ్చు, డీటీఎస్ కావచ్చు. తిప్పలన్నీ ఇక్కడే మొదలు. అంతకు ముందు తరం వీసీడీ అయితే డాట్ అనే ఫైలులో ఉంటుంది, శబ్దం ఎంపీ2లో.

కాబట్టి కన్వర్టర్ జోలికి పోకముందే డిస్కును వీఎల్‌సీ ప్లేయర్లో వేసి చూడండి. అది ఉచితం, పైగా ఈ రకాలన్నీ దానికి తెలుసు. విండోస్‌తో వచ్చే ప్లేయర్‌ను నమ్ముకోవద్దు. విండోస్ 8 నుంచే అందులో డీవీడీ ఆడడం తీసేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2ను కొత్తగా వేసుకుంటే ఏసీ-3ని చదివే భాగం కూడా దాంతోపాటు రాదు. వీఎల్‌సీలో మాట వినిపించిందా, సగం భయం తీరినట్టే.

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదీ: మార్చిన ఫైలు లాప్‌టాప్‌లో మాట్లాడుతుంది, ఫోన్‌లో మూగపోతుంది. కన్వర్టర్ బొమ్మను మార్చి, శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఏసీ-3గానో ఎంపీ2గానో ఎంపీ4లో పెట్టేసి ఉంటుంది. చాలా ఫోన్లకు అది చదవడం రాదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఆడియో అన్న ట్యాబ్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ ట్రాకే లేకపోతే ఒకటి చేర్చండి. పాస్‌త్రూ అని ఉంటే తీసేసి ఏఏసీ, స్టీరియో ఎంచుకోండి. ఇంట్లో చేసిన డిస్కుల విషయంలో నూటికి చాలావరకు పని ఇక్కడితో అయిపోతుంది. ఇంకోమాట, వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా ఇవ్వకుండా ఫోల్డరు మొత్తం ఇవ్వండి. అప్పుడే విషయసూచిక దానికి దొరుకుతుంది.

ఆ సూచిక లేకపోతే ఏమవుతుందో చంద్రగిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెన్‌డ్రైవు చూపించింది. మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా, 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆ కుర్రాడి తాత ఏటా దుర్యోధనుడి వేషం కట్టేవాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆయన ఫొటోలు నాలుగైదు ఉన్నాయి. గొంతు ఉన్నది మాత్రం ఒకే ఒక్క డిస్కులో. అది గీతలు పడి ఇప్పుడు ఏ డ్రైవులోనూ తిరగడం లేదు. అదృష్టం కొద్దీ ఎప్పుడో ఎవరో వీఓబీ ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఉంచారు. చిన్నవేగదా అని ఐఎఫ్ఓలు వదిలేశారు. ఆ కుర్రాడు మూడు కన్వర్టర్లు మార్చాడు. మూడింట్లోనూ తాత గద ఎత్తుతాడు, మీసం మెలేస్తాడు, నోరు కదుపుతాడు. పద్యం లేదు.

వీఎల్‌సీలో వేస్తే మొదటి అర నిమిషం టైటిళ్లు, గుడి బొమ్మ, నిశ్శబ్దం. ఆ తర్వాత తాళాలు, మద్దెల ఒక్కసారిగా మొదలయ్యాయి. కిటుకు అక్కడుంది. ఈ కన్వర్టర్లలో చాలావాటి లోపల పనిచేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఒకే యంత్రం. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. సూచిక లేని ఫైలు ఇస్తే అది మొదట్లో 50 లక్షల బైట్లు, కొన్ని సెకన్లు తిరగేసి లోపల ఏమేం ఉన్నాయో లెక్క కడుతుంది. డీవీడీలో 50 లక్షల బైట్లంటే పది సెకన్లు కూడా రాదు. ఆలోపు శబ్దం మొదలు కాలేదంటే, ఇది బొమ్మ మాత్రమే ఉన్న ఫైలని తీర్మానించేసి, మిగతా మూడు గంటలూ శబ్దాన్ని పక్కకు నెట్టేస్తూ పోతుంది. భోజనాల దగ్గర మొదటి పంక్తిలో కనబడనివాళ్లు అసలు పెళ్లికే రాలేదనుకున్నట్టు!

మందు చిన్నదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నేరుగా కమాండ్‌తో నడిపి, ప్రోబ్‌సైజ్, ఎనలైజ్‌డ్యూరేషన్ అనే రెండు ఆప్షన్లకు 100ఎం చొప్పున విలువ ఇవ్వాలి. వాటిని ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందే రాయాలి, వెనకాల రాస్తే లాభం లేదు. అంటే 10 కోట్ల బైట్లు, 100 సెకన్ల దాకా చూసి అప్పుడు నిర్ణయించుకోమని చెప్పినట్టు. ఈసారి జాబితాలో ఎంపీ2 శబ్దం ట్రాకు కనిపించింది. దాన్ని ఏఏసీగా మార్చాం. ఆ సాయంత్రం వాళ్లవ్వకు ఫోన్‌లో పెట్టి వినిపించారట. ఆమె రెండు పద్యాలు విని, "గొంతు బొంగురుపోయింది చూడు, అది పద్దెనిమిదోనాడు గదా, దుర్యోధన వధ రోజుది" అందట. పెన్‌డ్రైవులో తేదీ ఎక్కడా లేదు.

శబ్దం ఉండీ వినిపించని ఇంకో విచిత్రం చెబుతాను. ఇయర్‌ఫోన్స్‌లో బాగా వినిపిస్తుంది, ఫోన్ స్పీకర్లో పెడితే మాయం. పాత క్యాసెట్టు నుంచి డిస్కుకు ఎక్కించేటప్పుడు వైరు తిరగబడి, కుడి ఎడమల్లో ఒకదాని తరంగం తలకిందులై ఉంటుంది. ఒకే స్పీకరున్న ఫోను రెండింటినీ కలపగానే కూడికా తీసివేతా అయి సున్నా మిగులుతుంది. ఆడాసిటీలో రెండు ట్రాకులూ విడదీసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేస్తే సరిపోతుంది. ఒక ట్రాకును తీసేసినా మాట తిరిగొస్తుంది.

సినిమా డీవీడీల్లో పాటలు మోగుతూ డైలాగులు మాత్రం గుసగుసలైతే, 5.1 శబ్దంలో మధ్య చానల్ పోయిందని గుర్తు. మాటలు ఎక్కువగా ఉండేది అందులోనే. మిక్స్‌డౌన్ స్టీరియో పెట్టి మళ్లీ మార్చాలి. కంపెనీ డిస్కులకు తాళం కూడా ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని తీయదు. తాళాలు పగలగొట్టడం మీద 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వదిలేస్తున్నా. మన పెళ్లి డిస్కులకు ఆ బెడద లేదు.

పెళ్లి డిస్కులతో వచ్చే చిక్కు వేరు. వాటిలో శబ్దం నిండుగానే ఉంటుంది, కానీ అది మన శబ్దం కాదు. తలంబ్రాల మీద సినిమా పాట, అప్పగింతల మీద ఇంకో సినిమా పాట. మేళం లేదు, పురోహితుడి మంత్రం లేదు, పెళ్లికూతురి నాయన ఏం చెప్పి ఏడ్చాడో లేదు. అప్పట్లో మిక్సింగ్ చేసినవాళ్లు అసలు శబ్దాన్ని తీసేసి పాట పరిచేశారు. అదే అందమనుకున్నాం మనమూ. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కానీ కెమెరాలో తీసిన అసలు టేపు వీహెచ్ఎస్‌లోనో మినీడీవీలోనో ఉండే ఉంటుంది, అందులో ఆ మాటలన్నీ ఉంటాయి. పెళ్లి తీసిన స్టూడియో ఇంకా నడుస్తుంటే ఓసారి వెళ్లి అడగండి. టేపు మీద టేపు తీసేసినవాళ్లు ఎక్కువే గానీ, పాత అట్టపెట్టెలు పారేయనివాళ్లు కూడా ఒకరిద్దరు ఉంటారు.